కఠినమను ఒక్క మాట

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారు ఆంగ్లమున బలమును, కాఠిన్యమును తెలుపు మాటలను నిఘంటువులలో చదువుటకు ముందే అనుభవమున ఎరిగిరి. పన్ను తాఖీదులో ఒక మాట, మేజిస్ట్రేటు తీర్పులో ఒక మాట, తుపాను హెచ్చరికలో మరియొక మాట వారి గడప త్రొక్కినవి. మనము మాత్రము తెలుగున వీనిలో పెక్కింటిని 'కఠినము' అను ఒక్క మాటతో సరిపెట్టుచున్నాము. కఠినుడైన తండ్రి, కఠినమైన నియమము, కఠినశిక్ష, కఠినమైన పలుకు. ఈ నాలుగింటికి ఆంగ్లేయుడు నాలుగు వేరు మాటలు వాడును. వానిలో దేనియందు నింద కలదో, దేనియందు లేదో గుర్తింపనిచో మన జిల్లా చరిత్రకు సంబంధించిన పాత కాగితములు సరిగా బోధపడవు.

తేలికైన మాటతో ఆరంభింతము. 'సివియర్' అనునది ముఖ్యముగా మోతాదును చెప్పును. జ్వరమునకు, కరవునకు, గాలివానకు అది చెల్లును. గంటకు 89 మొదలు 117 కిలోమీటర్ల వేగముగల గాలులతో వచ్చు తుపానును వాతావరణశాఖ 'సివియర్' అను తరగతిలో చేర్చును. రేడియో వార్తలలో మనము దానిని 'తీవ్ర తుపాను' అని వినుచున్నాము. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్లకు చేరువ తీరము దాటిన మిచౌంగ్ అట్టిదే. దానిని 'స్టర్న్' అని ఎవరును అనరు. 'స్టర్న్' అనుటకు ఒక ముఖము కావలెను, ఆ ముఖమున బొమలు ముడివడవలెను. తండ్రికి, న్యాయాధిపతికి అది తగును. వారి మనసున ప్రేమ ఉండుటకు అది అడ్డు కాదు.

'హార్ష్' దారి వేరు. చేతికి గరుకుగా తగులుట దాని మొదటి అర్థము. మన 'పరుషము' సరిగా అట్టి మాటయే. గరుకుదనమునుండియే పరుషవాక్యము పుట్టినది. మన వ్యాకరణకర్తలు క, చ, ట, త, ప లకు పరుషములని, గ, జ, డ, ద, బ లకు సరళములని పేరు పెట్టుటయు చెవికి తగులు ఆ గరుకునుబట్టియే కావచ్చును. శిక్ష 'సివియర్' అన్నచో పెద్దదని అర్థము. అది న్యాయమైనదియు కావచ్చును. 'హార్ష్' అన్నచో చెప్పువాడు దానిని తగనిదిగా ఎంచినట్లే. ఈ రెంటిని 'కఠినము' అనియే అనువదించిన పత్రిక చెప్పువాని పక్షమును చెరిపివేసినట్లగును.

'రిగరస్' అను మాట ఇంకను చిక్కు పెట్టినది. దాని లాటిను మూలమునకు బిగుసుకొనిపోవుట అని అర్థము. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు కారాగారవాసమును రెండు విధములుగా విభజించినది. శారీరకశ్రమతో కూడినది 'రిగరస్', కేవలము నిర్బంధించియుంచునది 'సింపుల్'. కఠిన కారాగారశిక్ష అని వినగానే పల్లెలో కొరడా దెబ్బలు తలపునకు వచ్చెడివి. చట్టము చెప్పినది రాళ్లు కొట్టుట, గానుగ త్రిప్పుట వంటి పని మాత్రమే. రిగరస్ శిక్ష పడినవానికి దయగల జైలరు దొరకవచ్చును, సింపుల్ శిక్ష పడినవానికి పరుషుడు దొరకవచ్చును. 2024 జూలై 1న పాత కోడు స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఈ విభజన నిలిచియున్నది.

ఇక 'కోయర్షన్'. లోపల మూసి అదుపుచేయుట దాని మూలార్థము. 'బంధము'నుండి పుట్టిన మన 'నిర్బంధము' దానికి అచ్చముగా సరిపోవును. 1864 నాటి మద్రాసు రెవెన్యూ వసూళ్ల చట్టము ప్రకారము బకాయిదారుని సొత్తును జప్తు చేయుట, వేలము వేయుట, అతనిని అరెస్టు చేయుట 'కోయర్సివ్' చర్యలనిపించుకొన్నవి. ఆ మాటలో అధికారులకు తప్పేమియు తోచలేదు. అది దినదినము వాడు దస్త్రపు మాట. 1922 ఆరంభమున బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున రైతులు పన్ను నిరాకరించినప్పుడు ఆ దస్త్రపు మాటకు సాయుధులు తోడైరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. రైతుల పక్షమున నిలిచిన దళము పేరు శాంతిసేన. చౌరీచౌరా ఘటన పిమ్మట ఫిబ్రవరిలో ఉద్యమము ఆగినది.

చీరాల-పేరాలవారు అంతకు ముందటి సంవత్సరమే వేరొక మార్గమును త్రొక్కిరి. మునిసిపాలిటీ పన్ను భారమును అంగీకరింపక, 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చి వెళ్లిన పిమ్మట వేలకొలది జనులు ఇండ్లు విడిచి పొలిమేర దాటి రామనగరమున పర్ణశాలలు వేసికొనిరి. పదునొకండు నెలలు అక్కడనే కాపురముండిరి. నిర్బంధమునకు బంధించుటకొక హద్దు కావలెను. వారు ఆ హద్దునే ఖాళీచేసిరి. నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో చదివి వచ్చినవాడు. ఆయన సేవాదళమునకు రామదండు అని పేరిడినాడు. శాంతిసేన, రామదండు! సేన అన్నను, దండు అన్నను బలమే. ఆ బలము హింస కాదు.

ఇచ్చట 'ఫోర్సు', 'వయొలెన్సు' అను రెండు మాటలు ఎదురుపడుచున్నవి. గాంధీజీ తన మార్గమును ఆంగ్లమున ఆత్మయొక్క 'ఫోర్సు' అనినాడు, విసర్జించినది 'వయొలెన్సు'ను. పీనల్ కోడు 349వ సెక్షను 'ఫోర్సు'ను భౌతికశాస్త్రమువలె నిర్వచించినది: ఒకనికి చలనము కలిగించుట, చలనమును మార్చుట, ఆపుట. 'వయొలెన్సు'కు నిర్వచనమీయలేదు. అయినను దొమ్మీని గురించిన 146వ సెక్షనులో గుంపు పక్షమున 'ఫోర్సు లేక వయొలెన్సు' అని రెండును వ్రాసినది. గుంపును చెదరగొట్టు సైనికాధికారికి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు విధించినది వీలైనంత తక్కువ 'ఫోర్సు' వాడుమని. అధికారి చేయుపనికి రెండవ మాట అచ్చట కానరాదు. తుపాకి ఎవరిచేత ఉన్నదను దానినిబట్టి మాట మారినది.

1942 ఆగస్టు 12వ తేదీన తెనాలిలో జనము రైల్వే స్టేషనుకు నిప్పు పెట్టినది, పోలీసులు కాల్పులు జరిపిరి, ఏడుగురు మరణించిరి. చట్టపు భాషలో మొదటిది వయొలెన్సు, రెండవది ఫోర్సు. తెలుగున మొదటిదానిని దౌర్జన్యమనియు, రెండవదానిని బలప్రయోగమనియు అనువదింపవచ్చును. పక్షము మారినచో ఆ మాటలును తారుమారగును. తెనాలివారు ఈ రెంటిలో దేనిని గ్రహింపలేదు. ఆ ఏడుగురి స్మారకస్తూపములు నిలిచిన కూడలికి రణరంగ చౌకు అని పేరు.