గోరా (గోపరాజు రామచంద్రరావు)

దైవభావనను ప్రశ్నించి, నాస్తికత్వాన్ని జీవన విధానంగా ఆచరించి చూపిన సంఘ సంస్కర్త (1902–1975). నేటి ఒడిశాలోని ఛత్రపురంలో జన్మించారు. వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఉద్యోగం కోల్పోయారు. 1940లో భార్య సరస్వతితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడకు మారింది.

ఆలోచన: దేవుడున్నాడా అన్న ప్రశ్నను గోరా తర్కంతోనే వదిలిపెట్టలేదు. భారం దైవం మీద వేసిన మనిషి తన స్వేచ్ఛను, బాధ్యతను వదులుకుంటాడని, అంటరానితనానికి కర్మ సిద్ధాంతం అండగా నిలుస్తుందని వాదించారు. అందుకే సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు చేపట్టారు. గర్భిణులు గ్రహణం చూడరాదన్న నమ్మకాన్ని సరస్వతి గర్భిణిగా ఉండగా స్వయంగా గ్రహణం చూసి ధిక్కరించారు.

గాంధీతో సంవాదం: 1944 నుంచి గోరా గాంధీజీతో దైవం గురించి చర్చించారు. ఇద్దరి విశ్వాసాలూ వేరైనా పరస్పర గౌరవం తగ్గలేదు. గోరా కుమార్తె మనోరమకు, దళిత యువకుడు అర్జునరావుకు సేవాగ్రామంలో వివాహం జరిపించేందుకు గాంధీజీ అంగీకరించారు. ప్రమాణంలో దైవం పేరుకు బదులు సత్యాన్ని ఉంచడానికీ ఒప్పుకున్నారు. గాంధీజీ హత్య తర్వాత 1948లో అక్కడే ఆ పెళ్లి జరిగింది. ఈ అనుభవాలను గోరా 1951లో ఆంగ్లంలో పుస్తకంగా ప్రచురించారు.

ప్రాముఖ్యం: సందేహాన్ని సేవగా మలిచి, దైవభక్తి లేకున్నా నీతి నిలుస్తుందని తన జీవితంతో నిరూపించడం గోరా విశిష్టత.