జంతురూపపు మజోలికా కూజాలు

హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియములో ఫ్రాన్సు దేశపు సేవ్ర పింగాణి పాత్రలు కలవు. మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించిన ఆ వస్తువులు ధనికుల ముచ్చట. సామాన్యుల ముచ్చట వేరు. రంగుల మజోలికా 1851 లండను మహాప్రదర్శనలో మింటన్ సంస్థ వలన ప్రసిద్ధి పొందినది. ఆ శతాబ్ది చివర సారెగెమిన్, సాన్-క్లెమాన్ కర్మాగారములు బాతు, కోడి, పంది ఆకారముల కూజాలు చేసినవి. బాతు కూజాలో ద్రవము ముక్కునుండియే కారును! సేకరించువారు అడుగుననున్న ముద్రను బట్టి కర్మాగారమును గుర్తింతురు.

ఇది పింగాణి కాదు, కాల్చిన మట్టియే. సొగసంతయు పైపూతది. సిలికా సుమారు 1700 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాని కరగదు. సీసపు ఆక్సైడు చేరినచో పూత 1000 డిగ్రీల దాపుననే కరిగి గాజువలె మెరయును. రాగి ఆకుపచ్చను, కోబాల్టు నీలమును ఇచ్చును. అయితే పులుపు తగిలినచో విషమైన సీసము కొంత ద్రవములోనికి దిగును. కనుక ఆ బాతు ముక్కునుండి నిమ్మరసము వంచుకొని త్రాగుట మాత్రము తగదు.