రథవీధిలో ఎవరుండాలి? హంపి బజారు కథ

హంపిలో విరూపాక్ష ఆలయ గోపురం ముందు నిలబడి తూర్పుకు చూస్తే, ఎదురు బసవన్న విగ్రహం దాకా రథవీధి సాగి ఉంటుంది. ఇరువైపులా రాతి స్తంభాల మండపాలు. ఇప్పుడా వీధి ఖాళీగా, శుభ్రంగా ఉంది. మన బడి నుంచి విహారయాత్రకు వెళ్ళిన పాత బ్యాచ్‌లవాళ్ళు చూసిన వీధి ఇది కాదు. అప్పట్లో ఆ మండపాల్లోనే కాపురాలు, టిఫిన్ హోటళ్ళు, కొబ్బరికాయల దుకాణాలు, పుస్తకాల కొట్లు ఉండేవి. 2011 జూలై 29న వాటిని కూల్చివేశారు.

కూల్చడం న్యాయమా అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఆ వీధి ఎందుకు పుట్టిందో ముందు చూడాలి.

విరూపాక్ష ఆలయంలోని రంగమండపం శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంగా 1510 ప్రాంతంలో కట్టించినది. ఆ తర్వాత పదేళ్ళకు విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆలయం ముందరి వీధి గురించి రాశాడు. వసారాలున్న అందమైన ఇళ్ళు, వాటిలో దిగే యాత్రికులు, పెద్దలకు వేరే విడుదులు, స్వామి దర్శనానికి వచ్చినప్పుడు రాజు బసచేసే భవనం ఆయన వర్ణనలో ఉన్నాయి. అంటే ఆ మండపాలు చూసి ఆనందించడానికి కట్టినవి కావు, మనుషులు ఉండడానికి కట్టినవి.

1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత నగరం పాడుబడింది. విరూపాక్షుడి పూజ మాత్రం ఆగలేదు. పూజ ఉన్నచోట యాత్రికులుంటారు, యాత్రికులున్నచోట పూలూ కొబ్బరికాయలూ అమ్మేవాళ్ళుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో పర్యాటకులు పెరిగినకొద్దీ మండపాల్లో జనం కూడా పెరిగారు. స్తంభాల మధ్య ఇటుక గోడలు లేచాయి. రాతి కప్పుల మీద సిమెంటు గదులు వెలిశాయి. మండపాలు కనపడకుండా పోయాయన్న పురావస్తు శాఖ ఫిర్యాదు అబద్ధం కాదు.

హంపి 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కర్ణాటక ప్రభుత్వం 2002లో ప్రత్యేక చట్టం చేసి ఒక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. 29 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఇన్ని జరిగినా పాతికేళ్ళపాటు బజారును ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. తర్వాత కోర్టు ఉత్తర్వు చేతపట్టుకుని ఒక్కసారిగా యంత్రాలు దిగాయి. 300 పైచిలుకు కుటుంబాలు వీధిన పడ్డాయి. వాళ్ళకు చూపించిన చోటు దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరంలోని కడ్డిరాంపుర. అక్కడ ఆ రోజుకు ఇళ్ళు సిద్ధంగా లేవు. ఉద్యోగస్తుడికి నాలుగు కిలోమీటర్లు లెక్కలోది కాదు. గుడి ముందు కొబ్బరికాయలు అమ్ముకునే మనిషికి మాత్రం అది బతుకుతెరువు పోవడమే.

నా అభిప్రాయం ఇది. సిమెంటు అంతస్తులు పోవలసినవే. అయితే పూలమ్మేవాళ్ళూ అన్నం పెట్టేవాళ్ళూ ఆ వీధి వారసత్వంలో భాగమే. ఎన్ని దుకాణాలు, ఏ సరుకు, ఏ కప్పు అని షరతులు రాసి వాళ్ళను ఉండనివ్వవచ్చు. కడ్డిరాంపురలో ఇళ్ళు కట్టి తాళాలు ఇచ్చాకే గోడల మీద చెయ్యి వేయవచ్చు.

అలాగని స్థానికుల పేరు చెప్పి చేసేదంతా సమర్థించలేం. తుంగభద్రకు అవతల విరూపాపురగడ్డెలో వెలిసిన రిసార్టులను 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తొలగించారు. వ్యాపారం కోసం కొత్తగా కట్టిన రిసార్టులనూ, తరాలుగా గుడినే నమ్ముకున్న దుకాణాలనూ ఒకే గాటన కట్టకూడదు.

ఆనెగొంది వంతెన సంగతి మరీ చిక్కు. పేస్ కాలంలోనే జనం తోలు కప్పిన గుండ్రటి పుట్టిలో నది దాటేవారు. ఆనెగొందివాళ్ళు 1990ల్లోనూ పుట్టినే నమ్ముకున్నారు. వరదొస్తే గంగావతి, హొసపేట చుట్టి రావాలి. వంతెన అడగడం తప్పేమీ కాదు. కానీ దాన్ని విఠలాలయానికి దగ్గరలో, శిథిలాల నడుమ మొదలుపెట్టారు. 1999లో యునెస్కో హంపిని ‘ప్రమాదంలో ఉన్న’ జాబితాలో పెట్టింది, 2006లో తీసింది. చివరికి ఆ వంతెన పూర్తికాకుండానే 2009 జనవరిలో కూలి కూలీలు చనిపోయారు. తర్వాత కాస్త ఎగువనో దిగువనో, కట్టడాలకు దూరంగా స్థలం వెతికే పని మొదట్లోనే చేసి ఉంటే అటు ఊరికీ ఇటు విఠలుడికీ సరిపోయేది.

ఇదంతా పక్క రాష్ట్రం గొడవ అనుకోవద్దు. మన లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. గుడికీ నందికీ మధ్య ఊరుంది. 2010లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్లలో అనుమతి ఉండాలి. అయితే 1992 జూన్ 16కు ముందున్న ఇంటికి అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చు. మురుగు కాలువలు, పబ్లిక్ మరుగుదొడ్లు, మంచినీటి పైపులు, కరెంటు పనులు ఆ చట్టంలో ‘నిర్మాణం’ కిందికే రావు. ఈ సంగతి తెలియక కాలువ పని కూడా ఆపేసుకునే ఊళ్ళుంటాయి.

ప్రతి రక్షిత కట్టడానికీ విడిగా ఉపనియమాలు రాయాలని అదే చట్టం చెబుతోంది. ఇంటి ఎత్తు ఎంత, ముఖభాగం ఎలా ఉండాలి వంటివి తేలేది అక్కడే. ముసాయిదా మీద ప్రజల అభ్యంతరాలు కూడా అడుగుతారు. హిందూపురం, లేపాక్షి వైపు స్థిరపడ్డ మన పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లున్నారు, వకీళ్ళున్నారు, పంచాయతీ పదవులు చేసినవాళ్ళున్నారు. అలాంటి ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని తెలుగులోకి మార్చి గ్రామసభలో చదివి వినిపించడానికి ఒక పూట చాలు.