ప్రరోచన – ముఠానాయకుడు – మా మనవడు

చాలాకాలానికి మళ్ళీ టపా వ్రాస్తున్నాను. విషయం చూసి "పంతులుగారికి యిదేమి బుద్ధి" అనుకోకండి. ఛందస్సు గూర్చి వ్రాసేవాడు తుపాకుల గూర్చి వ్రాయడానికి కారణం మా మనవడే.

2022 శరదృతువులో ఇంగ్లండులోని లెస్టరు నగరంలో, మా అమ్మాయి యింట రెండు నెలలు ఉన్నాను. మనవడికి అప్పుడు పదిహేడేళ్ళు. కళాశాలలో వాడికి మీడియా ఒక పాఠ్యాంశం. ఎవరూ తీయని సినిమా ఒకటి ఊహించుకొని, దానికి రెండు నిమిషాల ట్రైలరు, ఒక పోస్టరు, ఒక సినిమా పత్రిక ముఖచిత్రం చేసి యివ్వాలట. లేని కావ్యానికి పీఠిక వ్రాయమన్నట్లుందే అని నవ్వాను. వాడు ఎంచుకొన్నది గ్యాంగ్‌స్టర్ కథ. ముఠాకు పెద్ద కావలసి వచ్చింది. యింట్లో ఉన్న వృద్ధుణ్ణి నేనొక్కణ్ణే. "తాతయ్యా, మీరు కుర్చీలో కూర్చుంటే చాలు, ఏమీ మాట్లాడక్కర్లేదు" అన్నాడు. ముప్పైయైదేళ్ళు మాట్లాడి బ్రతికినవాడికి అంతకంటె కఠినమైన వేషం ఉంటుందా!

వాడి గదిలో గోడకు ఒక జాబితా అంటించి ఉంది. నల్లని సూటు, టోపీ, చుట్టపొగ, సగం చీకటిలో మునిగిన ముఖం, నోట్ల కట్టలు, నిర్జనమైన కారు పార్కు. ఇవి ఉంటేనే ప్రేక్షకుడు యిది ఫలానా జాతి చిత్రమని గుర్తిస్తాడట. మనవాళ్ళు కవిసమయం అన్నది యిదే కదా! చకోరం వెన్నెల త్రాగడం ఎవరు చూశారు? చూడకపోయినా అందరమూ ఒప్పుకొన్నాం. ఆ మాటకొస్తే ట్రైలరు మాత్రం కొత్తదా? సంస్కృత నాటకారంభంలో సూత్రధారుడు కవినీ కావ్యాన్నీ పొగడి సభను తనవైపు త్రిప్పుకొనే భాగానికి ప్రరోచన అని పేరు. దొంగను రంగస్థలం మీద ముద్దుగా చూపడమూ మనకు తెలుసు. మృచ్ఛకటికంలో శర్విలకుడు గోడకు కన్నం వేయబోయి, కొలత్రాడు మరచి వచ్చానని జంధ్యంతో కొలుస్తాడు. కాని చకోరం ఎప్పుడు పుట్టిందో ఎవరూ చెప్పలేరు. వీడి జాబితాలోని వాటికి మాత్రం సంవత్సరాలతో సహా జాతకం ఉంది. అది వెతకడంలో నాకు రెండు వారాలు గడిచాయి.

1912లో డి. డబ్ల్యు. గ్రిఫిత్ బయోగ్రాఫ్ సంస్థకు 'ది మస్కెటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ' అనే చిన్న మూకీ తీశాడు. న్యూయార్కు పేదవాడల ముఠాల కథ. అందులో ముఠానాయకుడు గోడను రాసుకొంటూ కెమెరా మీదికి నడిచి వస్తాడు, ముఖం తెరంతా నిండుతుంది. నేటి పోస్టర్లలోని ముఖాలకు ముత్తాత ఆ ముఖమే అనిపించింది నాకు. 1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చింది, 1933 దాకా నడిచింది. దొంగసారాతో కోట్లు పోగేసినవాళ్ళు ఖరీదైన సూట్లు తొడిగి పత్రికల మొదటి పుటలకెక్కారు. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజిలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చారు. హంతకులలో కొందరు పోలీసు దుస్తులలో వచ్చారు. షికాగోలో విలేఖరిగా పనిచేసిన బెన్ హెక్ట్ అంతకు ముందే, 1927లో, 'అండర్‌వరల్డ్' చిత్రానికి కథ యిచ్చాడు. మొట్టమొదటి ఆస్కారు బహుమతులలో ఒకటి ఆ కథకే దక్కింది.

1931లో 'లిటిల్ సీజర్', 'ది పబ్లిక్ ఎనిమీ', 1932లో 'స్కార్‌ఫేస్'. ఈ మూడింటితో వ్యాకరణం స్థిరపడింది. పేదవాడు పైకి వస్తాడు. సూటు మారుతుంది, కారు మారుతుంది. ఆపైన పడిపోతాడు. 'పబ్లిక్ ఎనిమీ' చివరి ఘట్టం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. కొడుకు ఆసుపత్రినుండి యింటికి వస్తున్నాడని తల్లి మేడమీద పక్క సవరిస్తూ ఉంటుంది. క్రింద గ్రామఫోను పాడుతూ ఉంటుంది. తలుపు తట్టిన చప్పుడు. అన్న తలుపు తీస్తాడు. కట్లతో, త్రాళ్ళతో బిగించిన శవం గుమ్మంలోంచి ముందుకు ఒరిగి పడుతుంది. పాట ఆగదు, పైన తల్లికి యింకా తెలియదు.

నేరస్థుణ్ణి పొగడుతున్నారన్న నింద అప్పుడే వచ్చింది. ఉన్న స్థితిని చూపడమే మా ఉద్దేశం, కీర్తించడం కాదని ఆ చిత్రం ఆరంభంలోనే ఒక ప్రకటన వేసుకొంది. సెన్సారు ఒత్తిడికి 'స్కార్‌ఫేస్' పేరు క్రింద 'జాతికి సిగ్గుచేటు' అన్న అర్థం వచ్చే మాట చేరింది. నాయకుణ్ణి ఉరితీసే మరొక ముగింపు కూడా తీశారు. 1934 నుండి నియమావళి గట్టిగా అమలైంది. 1935లో అదే జేమ్స్ కాగ్నీ 'జి మెన్'లో ప్రభుత్వోద్యోగిగా తుపాకి పట్టాడు. నడకలో మార్పేమీ లేదు!

ఇక్కడ నాకొక సందేహం కలిగింది. ఈ చిత్రాలు తమను తాము సమర్థించుకొనేది పతనంతో. కాని ట్రైలరు ముగింపు చెప్పదు కదా. న్యూయార్కులో లో సంస్థ నాటకశాలల ప్రచారం చూసే నిల్స్ గ్రాన్‌లండ్ 1913లో ఒక సంగీతనాటకానికి చిన్న ప్రచార చిత్రం తీసినప్పటినుండీ దాని ధర్మం ఊరించడమే. అసలు చిత్రం వెనుక తగిలించేవారు గనుకనే ట్రైలరన్న పేరు వచ్చింది. అంటే సూటు, కారు, తుపాకి, డబ్బు బయట గోడ మీద. గుమ్మంలో పడిన శవం లోపల, టిక్కెట్టు కొన్నవాడికి మాత్రమే. 1972 నాటి 'గాడ్‌ఫాదర్' పోస్టరు చూడండి. ఒక చెయ్యి, దాని క్రింద తోలుబొమ్మకు కట్టేటటువంటి దారాలు. 1969లో నవల అట్టకు నీల్ ఫుజిటా గీసిన బొమ్మే అది. ప్రరోచనలో సూత్రధారుడి చెయ్యి కనబడింది, ఆడి విరిగిన బొమ్మలు కనబడలేదు.

బ్రిటనులో యీ పని ముఠావాళ్ళే చేసుకొన్నారు. 1965లో లండను క్రే సోదరులు డేవిడ్ బెయిలీ అనే ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడి యెదుట సూట్లు వేసుకొని నిలబడ్డారు. 1969లో హత్యానేరానికి శిక్ష పడింది. బొమ్మ మాత్రం నిలిచింది. మా వాడి పోస్టరు నమూనా ఆ నలుపు తెలుపుల బొమ్మేనని వాడికే తెలియదు. వాడి కారు పార్కు 1971 నాటి 'గెట్ కార్టర్'ది. అమెరికాలో 1934 జూలై 22న జాన్ డిలింజర్ ఒక గ్యాంగ్‌స్టర్ చిత్రం చూసి బయటికి వస్తూ ఫెడరల్ ఏజెంట్ల గుండ్లకు కూలాడు. ఆ థియేటరు పేరు కూడా బయోగ్రాఫే!

ఇదంతా వాడికి చెబుతూండగా 1989 గుర్తుకు వచ్చింది. ఆ అక్టోబరులో 'శివ' విడుదలైంది. మా పాఠశాలలో పదవ తరగతి పిల్లవాడొకడు సంచిలో సైకిలు గొలుసు తెచ్చాడు. నేను పట్టుకొన్నాను. తరగతి ముందు నిలబెట్టి బెత్తంతో కొట్టాను, "రౌడీవవుతావా" అన్నాను. వాడు చెప్పిన సమాధానం యిప్పటికీ వినబడుతూనే ఉంది. "సినిమా చూడలేదండీ, పోస్టరే చూశాను." టిక్కెట్టుకు డబ్బులు లేవట. నేనూ చూడలేదు. ఆ కథలో గొలుసు రౌడీయిజాన్ని ఎదిరించిన విద్యార్థి చేతిదని నాకు తెలిసింది పదేళ్ళ తరువాత, టీవీలో. వాడు మరునాటినుండి బడికి రాలేదు. ఇంటికి వెళ్ళి పిలుచుకు రావలసింది. వెళ్ళలేదు.

మనవడు కాసేపు ఊరకున్నాడు. "మరి నన్నేం చేయమంటారు? ముగింపు పెడితే అది ట్రైలరు కాదు తాతయ్యా, మార్కులు పోతాయి" అన్నాడు. వాడి మాటా నిజమే. నేనేమీ చెప్పలేకపోయాను.

ఆ శనివారం చిత్రీకరణ జరిగింది. అల్లుడిగారి సూటు నాకు భుజాల దగ్గర వదులైంది. దీపం నెత్తిమీద పెట్టి, కళ్ళు నీడలో ఉండాలన్నాడు. కూర్చున్నాను. అది అయ్యాక వాళ్ళ అమ్మను పిలిచి, మేడమీద ఖాళీ మంచానికి దుప్పటి పరచమన్నాడు. ఎందుకురా అని అది అడిగితే, "ఊరికే అమ్మా, పరువు" అన్నాడు. ఆ ముక్క ట్రైలరులో రెండు క్షణాలు ఉంది, తుపాకి మ్రోతకూ సినిమా పేరుకూ నడుమ. ఎందుకుందో పేరులోగాని పోస్టరులోగాని ఎక్కడా చెప్పలేదు. వాళ్ళ మాస్టారు అక్కడ ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టారట.