పంతుళ్లు కలుసుకునే చోటు

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే జాతీయ రహదారి మీద బోయపాలెం దగ్గర దిగి అడిగితే, టీచర్లను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) ఎటో ఎవరైనా చూపిస్తారు. ఒంగోలు వైపు వాళ్లకు అలాంటి సంస్థే సంతనూతలపాడు మండలం మైనంపాడులో ఉంది. ఒకప్పుడు టీటీసీ అనీ, తర్వాత డీఎడ్ అనీ, ఇప్పుడు డీఈఎల్‌ఈడీ అనీ పిలుస్తున్న చదువు ఈ రెండు చోట్లా చదివి పత్తి చేల మధ్య, మిరప కల్లాల పక్కన ఉన్న బళ్లలో పాఠాలు చెప్పినవాళ్లు ఈ మైదాన ప్రాంతంలో ఎందరో.

పిల్లల చదువు గురించి మనం చాలా రాసుకున్నాం. ఎన్ని బళ్లు, ఎందరు పిల్లలు, ఎంత ఉత్తీర్ణత అని లెక్కలు కట్టాం. పంతులికి సందేహం వస్తే ఎవరిని అడిగేవాడు? కొత్త పాఠం ఎలా చెప్పాలో ఎక్కడ నేర్చుకునేవాడు? హెడ్మాస్టరుకు రూల్సు ఎవరు విడమరిచి చెప్పేవారు? ఈ ప్రశ్నల వెంట నడిస్తే మన ప్రాంత విద్యా చరిత్ర వేరే దారిలో కనిపిస్తుంది. ఆ దారిలో నాకు బలంగా తోచింది ఒకటే. పుస్తకాలు వచ్చాయి, కిట్లు వచ్చాయి, ఇప్పుడు యాప్‌లూ వచ్చాయి. వాటిలో నిలిచి పనిచేసినవన్నీ పంతులు ఇంకో పంతులిని కలుసుకున్న చోట పనిచేసినవే.

అరుగు బడి నుంచి లండన్‌కు

పాతకాలపు వీధి బడిలో పంతులు ఒంటరివాడు. ఊరివాళ్లు ఇచ్చే ధాన్యం, పండగ పూట వచ్చే దక్షిణ అతని జీతం. 1832లో పుదూరు సీతారామశాస్త్రి రాసిన బాలశిక్ష, దాని నుంచి పెరిగిన పెద్ద బాలశిక్ష చేతికి వచ్చాక, పిల్లవాడి పాఠ్యపుస్తకమూ పంతులి గ్రంథాలయమూ అదే అయింది. అక్షరాలు, ఎక్కాలు, సంవత్సరాల పేర్లు, నీతి మాటలు అన్నీ అందులోనే. అంతకు మించి తెలుసుకోవాలంటే అతనికి దారి లేదు.

అయినా ఆ బళ్లకు తమదైన పద్ధతి ఒకటుంది. ఇసుకలో వేలితో దిద్దించడం, ముందు నేర్చిన పిల్లవాడితో వెనకవాడికి చెప్పించడం. ఈ దేశపు బళ్లలో ఆ తీరు చూసిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి, మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర కోసం తాను నడిపిన బడిలో దాన్ని అమలు చేశాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం అచ్చువేశాడు. ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అది ఇంగ్లండులో వేలాది పేద పిల్లల బళ్లకు పాకింది. మన వీధి బడి పంతుళ్లు తమకు తెలియకుండానే పరాయి దేశపు పంతుళ్లకు పాఠం చెప్పారు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత ఇంగ్లండు నుంచి ఒక ఆలోచన ఎదురు ప్రయాణం చేసి మన మండలాలకు వచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

పంతులికీ ఒక బడి

జర్మనీలో పుట్టిన అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అతనికి అండగా నిలిచాడు. 1866లో బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. మతం సంగతి ఎవరి అభిప్రాయం వారిది. అంతకు ముందు ఏ వీధి అరుగూ రానివ్వని మాల, మాదిగ పల్లెల్లో బడి వెలసింది మాత్రం ఈ మిషన్ల కాలంలోనే. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి కల్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ పల్లెలకు అక్షరం చెప్పే మనుషులు ఎక్కడి నుంచి వచ్చారన్న సంగతి అంతగా చెప్పుకోలేదు. వాళ్లు చాలావరకు ఆ పల్లెల వాళ్లే. కొద్దిపాటి చదువుతో బడి పెట్టి, నేర్పుతూ నేర్చుకున్నారు. వాళ్లను తీర్చిదిద్దడానికి బాపట్లలో బాప్టిస్టు మిషన్ నార్మల్ ట్రెయినింగ్ స్కూలు నడిపింది.

ప్రభుత్వం వైపు చూస్తే, 1854 నాటి విద్యా విధాన పత్రం ఉడ్ డిస్పాచ్ ఉపాధ్యాయ శిక్షణ అవసరాన్ని గుర్తించింది, ప్రైవేటు బళ్లకు గ్రాంటు ఇవ్వాలంది. కొన్నేళ్లకు మద్రాసు రాజధానిలో ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. పంతులి అన్నం ఆ ఒక్కరోజు పరీక్ష మీద ఆధారపడితే అతను ఎలా నేర్పాలో ఆలోచించడు, ఏది అడుగుతారో ఆలోచిస్తాడు. ఆ అలవాటు మన బడిలో ఎంత లోతుగా పాతుకుపోయిందో ఇవాళ్టి పదో తరగతి క్లాసు చూసినా అర్థమవుతుంది.

వేటపాలెం పుస్తకాలు, సంఘం డైరీలు

ప్రభుత్వం ఇవ్వనిది ఊళ్లు ఇచ్చుకున్నాయి. 1918లో వేటపాలెంలో వి.వి. శ్రేష్ఠి పూనికతో మొదలైన గ్రంథాలయం సారస్వత నికేతనంగా ఎదిగింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల ఫైళ్లు ఇంత శ్రద్ధగా దాచిన ఊరి గ్రంథాలయం తెలుగు నేల మీద అరుదు. చీరాల చుట్టుపక్కల బళ్లలో తెలుగు, సాంఘికశాస్త్రం చెప్పిన పంతుళ్లకు ఇంతకంటే మంచి వనరు ఏముంటుంది? గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో శారదా నికేతనం నెలకొల్పి ఆడవాళ్ల చదువుకు ఒక ఇల్లు కట్టారు.

స్వాతంత్ర్యం తర్వాత మరో వనరు వచ్చింది. దాన్ని ఎవరూ వనరుగా లెక్కపెట్టరు. అది ఉపాధ్యాయ సంఘాల పత్రిక, డైరీ. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ప్రాథమిక పాఠశాలలు సమితుల చేతికి వెళ్లాయి. బదిలీలు, జీతాలు, సెలవులు అన్నీ కొత్త చేతుల్లో పడ్డాయి. ఆ రోజుల్లో రూలు తెలిసినవాడే నిలబడగలిగాడు. ఏపీటీఎఫ్ ‘ఉపాధ్యాయ’ పత్రిక నడిపింది. 1974 ఆగస్టు 10న ఏర్పడిన యూటీఎఫ్ ‘ఐక్య ఉపాధ్యాయ’ తెచ్చింది. సంఘాలు ఏటా వేసే డైరీల్లో సెలవు నిబంధనలు, ఇంక్రిమెంటు లెక్కలు, పింఛను సూత్రాలు, జీవోల సారాంశాలు ఉండేవి. ఏకోపాధ్యాయ పాఠశాలలో హెడ్మాస్టరూ అతనే, గుమాస్తా అతనే. అలాంటివాడికి ఆ డైరీ ఒక ఆఫీసు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ విద్యామనోవిజ్ఞానం, బోధన పద్ధతుల పుస్తకాలు తెలుగులో తెచ్చింది. శిక్షణ చదువు మాతృభాషలో సాగడానికి అది తోడ్పడింది.

ఆరు సూత్రాలు

ఇప్పుడు ఆ ఎదురు ప్రయాణం కథ. 1960ల్లో ఇంగ్లండులో కొత్త గణితం, కొత్త సైన్సు బోధన వచ్చినప్పుడు ఉపాధ్యాయులు కూడి నేర్చుకోవడానికి ఊరూరా టీచర్స్ సెంటర్లు వెలిశాయి. మన దేశంలో 1964-66 కొఠారీ కమిషన్ కూడా అటువంటి ఆలోచనే చేసింది. ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న ప్రాథమిక పాఠశాలలను కలిపి స్కూల్ కాంప్లెక్స్‌గా చేయమంది. చాలాకాలం అది కాగితం మీదే ఉంది.

1984లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కొన్ని జిల్లాల్లో ప్రయోగంగా మొదలైంది. పంతుళ్ల నోట అది అపెప్. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. 1986 జాతీయ విద్యా విధానం జిల్లాకో డైట్ ఉండాలంది. 1989 నుంచి అపెప్ మొత్తం 23 జిల్లాలకూ విస్తరించింది. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి రావడంతో, దగ్గర దగ్గర ఊళ్ల ఉపాధ్యాయులు ఒక బడిలో కూడి మాట్లాడుకునే టీచర్స్ సెంటరు మన పల్లెల్లో మొదటిసారి ఒక వ్యవస్థగా నిలబడింది.

అపెప్ ఆరు సూత్రాలను ఆనాటి పంతుళ్లు ఇప్పటికీ వరసగా చెబుతారు. ఉపాధ్యాయుడు తానే కృత్యాలు తయారు చేయాలి. పిల్లలు చేస్తూ, వెతుకుతూ, ప్రయోగాలతో నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని జరగాలి. పిల్లల మధ్య తేడాలను గుర్తించి బోధించాలి. స్థానిక పరిసరాలను వాడుకోవాలి. పిల్లల పనులను ప్రదర్శించి తరగతి గదిని ఆసక్తికరంగా ఉంచాలి. డీఎస్సీ పరీక్షకు బట్టీపట్టే ప్రశ్నగా మిగిలిపోవడం ఈ ఆరింటికీ పట్టిన దురదృష్టం. ఆ కాలానికి అవి నిజంగా విప్లవం. బెత్తం, నల్లబల్ల తప్ప మరొకటి లేని చోట ‘నువ్వే తయారుచెయ్’ అని పంతులికి చెప్పడం అతన్ని గౌరవించడం.

నా దృష్టిలో మన ప్రాంతానికి వీటిలో ప్రాణం లాంటిది ఐదోది. మిరప టిక్కీ నలభై కిలోలు తూగితే క్వింటాకు ఎన్ని టిక్కీలు? కల్లంలో ఆరబోసిన పచ్చి కాయ ఎండాక ఎంత బరువు తగ్గుతుంది? తాలు కాయలు ఏరితే రైతుకు మిగిలేదెంత? వీటిని ఏ పాఠ్యపుస్తకమూ అడగదు. సెంటరులో నలుగురు పంతుళ్లు కూర్చుంటే పది నిమిషాల్లో పుడతాయి. మిర్చి యార్డుకు నాన్నతో వెళ్లిన పిల్లాడు భిన్నాలను భయం లేకుండా చేస్తాడు. పత్తి గింజ, దూది, నేత మీద సైన్సు పాఠం చెప్పడానికి చీరాల ప్రాంతపు బడికి వేరే కిట్టు ఎందుకు?

కిట్ల సంగతీ చెప్పాలి. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఇవ్వాలంది. సామగ్రి పెట్టె వచ్చింది. పాడైతే తానే సమాధానం చెప్పుకోవాలన్న భయంతో దానికి తాళం వేసిన హెడ్మాస్టర్లు ఎందరో. వాళ్లను తప్పుపట్టలేం. వస్తువు ఇచ్చి నమ్మకం ఇవ్వకపోతే అంతే జరుగుతుంది. జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపెప్), ఆ తర్వాత 2001లో వచ్చిన సర్వశిక్షా అభియాన్ మేలైన దారి పట్టాయి. బోధన అభ్యసన సామగ్రి (టీఎల్ఎం) కోసం ఏడాదికి ప్రతి టీచరు చేతికి 500 రూపాయలు ఇచ్చాయి. చిన్న మొత్తమే. అయినా ఏం కొనాలో నిర్ణయించే హక్కు టీచరుది. అట్టముక్కలు, చింతపిక్కలు, ఈనెపుల్లలతో చేసిన సామగ్రి మండల టీఎల్ఎం మేళాలకు వచ్చి, చూసినవాళ్ల బళ్లకు పాకింది.

మీటింగులో పాఠం ఏది?

టీచర్స్ సెంటర్ల తర్వాత మండల రిసోర్సు సెంటరు (ఎమ్మార్సీ) వచ్చింది. మండల రిసోర్సు పర్సన్లు, క్లస్టరు రిసోర్సు పర్సన్లు వచ్చారు, కాంప్లెక్స్ మీటింగులు స్థిరపడ్డాయి. ఏర్పాటు పెరిగింది, అందులో పాఠం గురించిన మాట తగ్గింది. ఎమ్మార్సీ అంటే ఇవాళ చాలామందికి గుర్తొచ్చేది పుస్తకాల కట్టలు, అంకెల ఫారాలు, ‘సాయంత్రంలోగా పంపండి’ అనే సందేశాలు. 2017 సెప్టెంబరు 5న దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక వచ్చాక ఫోనులోనే శిక్షణ, ఫోనులోనే సర్టిఫికెట్ దొరుకుతున్నాయి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. మారుమూల టీచరుకు ఇది నిజంగా మేలే. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిషు ఉన్న పుస్తకాలతో ఇంగ్లిషు మీడియం చెప్పాల్సిన టీచరుకు మరింత మేలు. కానీ వీడియోకు ఎదురు ప్రశ్న వేయలేం. ‘మా క్లాసులో ఇది పనిచేయలేదు’ అని దానితో చెప్పుకోలేం.

చెప్పుకోవలసిన కష్టాలు ఇక్కడ ప్రత్యేకమైనవి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. పశ్చిమ ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి కుటుంబాలు గుంటూరు, పల్నాడు ఊళ్లకు కూలికి వస్తాయి. అక్కడి బడిలో హాజరు పడిపోతుంది. ఇక్కడ చేను గట్టున పిల్లలు తేలతారు. ఇలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టడం మంచి పని. అయినా పరీక్షల ముందు మూడు నెలలు తప్పిపోయి తిరిగొచ్చిన పిల్లాడికి ఎక్కడ నుంచి మొదలుపెట్టాలన్నది ఏ శిక్షణ మాడ్యూలూ విడమరిచి చెప్పదు. మార్కాపురం వైపు టీచరూ నరసరావుపేట వైపు టీచరూ ఒకచోట కూర్చుంటే తేలే విషయం అది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక బోయపాలెం పల్నాడులోకి, వేటపాలెం బాపట్లలోకి వెళ్లాయి. పిల్లాడి వలస దారి మాత్రం జిల్లాల గీతలు చూసుకుని నడవదు.

అందుకే విద్యాశాఖ అధికారులకు ఒక విన్నపం. కాంప్లెక్స్ మీటింగులో సగం పూటైనా అంకెలూ సర్క్యులర్లూ లేకుండా, ఒక టీచరు నిజంగా ఒక పాఠం చెప్పి మిగతావాళ్లు దాని మీద మాట్లాడేందుకు వదలండి. వలస బళ్ల టీచర్లను జిల్లా దాటి ఏడాదికి ఒకసారైనా కలపండి.

పాఠకులకు మరో విన్నపం. మీ ఇంట్లో రిటైరైన పంతులుగారో, పంతులమ్మగారో ఉంటే, వాళ్ల పాత టీచింగ్ నోట్సులు, అపెప్ నాటి కరదీపికలు, సంఘం డైరీలు, చేత్తో చేసిన చార్టులు అటక మీద ఉండే ఉంటాయి. వాటిని పాత కాగితాలవాడికి వేయకండి. బోయపాలెం డైట్‌కో, మైనంపాడు డైట్‌కో, వేటపాలెం సారస్వత నికేతనానికో తీసుకెళ్లి ఇవ్వండి. రేపు ఆ సంస్థల్లో చేరే కొత్త టీచర్లకు అవి పనికొస్తాయి.