నర్సమ్మ అని పిలుస్తాం, నర్సు జీతం మాత్రం రాదు



మన హాస్టళ్ల నుంచి చాలామంది అక్కలు ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ చదువుతారు. కొందరు ఇంటర్ అయ్యాక జీఎన్ఎమ్‌కి పోతారు. రెండూ నర్సు చదువులే అనుకుంటాం. కానీ ఒకటి మంత్రసాని పనిలోంచి వచ్చింది, ఇంకొకటి ఆసుపత్రి వార్డులోంచి వచ్చింది. జీతంలో తేడా కూడా అక్కడి నుంచే వస్తోంది.

మన గూడేల్లో కాన్పు చేసేది మంత్రసాని. చేసినందుకు కొన్ని వడ్లో, ఒక కోడో, చీరో ఇచ్చేవాళ్లు. అర్ధరాత్రి పిలిచినా వానలో పిలిచినా పోవాల్సిందే. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సుల, మంత్రసానుల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించే చట్టం తెచ్చింది. అప్పుడు విశాఖ, గోదావరి ఏజెన్సీ ఆ ప్రభుత్వం కిందే ఉండేది. అక్షరం ముక్క రాని కొండ ఊరి అవ్వ దాకా ఆ రిజిస్టర్ ఎలా వస్తుంది? 1946లో భోర్ కమిటీ లెక్క చెప్పింది: 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మంత్రసాని. ఆ లెక్క శిక్షణ పొందినవాళ్లది. మరి అప్పుడు ఊళ్లలో పుట్టిన పిల్లలంతా ఎవరి చేతుల్లో పుట్టినట్టు?

1950ల మొదట్లో ఏఎన్ఎమ్ కోర్సు మొదలైంది. పేరులోనే 'ఆగ్జిలరీ' అని ఉంది, అంటే నర్సుకు సాయం చేసే మనిషి అన్నమాట. చదువు రెండేళ్లు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పాక ఆమెకు కాన్పులతో పాటు టీకాలు, మలేరియా, కుటుంబ నియంత్రణ కూడా అంటగట్టారు. అన్ని పనులు పెంచి 1977లో చదువును 18 నెలలకు కుదించారు. ఇది మాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

అదే కాలంలో మంత్రసానులకూ శిక్షణ పెట్టారు. 30 పనిదినాలు, 300 రూపాయల స్టైఫండ్, చివర్లో ఒక కాన్పు కిట్టు, ఒక సర్టిఫికెట్. తర్వాత సబ్‌సెంటర్‌లో నమోదైన ఒక్కో కాన్పుకు 10 రూపాయలు. నెల జీతం అన్న మాటే లేదు. 2005లో జననీ సురక్షా యోజన వచ్చి కాన్పులు ఆసుపత్రికి మారాయి. తల్లుల ప్రాణాలకు అది మంచిదే, కాదనం. కానీ అవ్వల పని పోయింది, బదులు ఏమీ రాలేదు.

ఇప్పటి సంగతి చూద్దాం. తెలంగాణ నోటిఫికేషన్లలో స్టాఫ్ నర్సు స్కేలు 36,750తో మొదలు. 2023లో 1,520 ఏఎన్ఎమ్ స్థాయి పోస్టులకు ఇచ్చిన స్కేలు 31,040తో మొదలు. మూల వేతనంలోనే 5,710 తేడా. అది కూడా రెగ్యులర్ వాళ్లకు. కాంట్రాక్టు మీద ఉన్న రెండో ఏఎన్ఎమ్‌లు 2023 ఆగస్టులో రెగ్యులర్ చేయమని సమ్మెకు దిగారు. వార్డు నర్సుకు కష్టం లేదని కాదు, ఒక్కో నైట్ డ్యూటీలో ఎంతమందిని చూడాలో తెలుసు. కానీ ఆమెకు షిఫ్టు అయిపోతుంది, పక్కన డాక్టర్ ఉంటారు. మన ఏరియాలో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ అని రూలు. ఆ 3,000 మంది ఒక్క చోట ఉండరు కదా, వాగు దాటి ఒక గూడెం, గుట్ట ఎక్కి ఇంకో గూడెం.

2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులతో 18 నెలల మిడ్‌వైఫరీ కోర్సు మొదలైంది. 2018లో కేంద్రం కూడా దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మంత్రసాని పనికి మళ్లీ గౌరవం వచ్చింది. కానీ అందులో చేరాలంటే జీఎన్ఎమ్ గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ ఉండాలి. ఏఎన్ఎమ్‌కి నేరుగా దారి లేదు, మన అవ్వలకు అసలే లేదు. ఈ ఏడాది టెన్త్ రాసిన చెల్లెళ్లు ఒకేషనల్ ఫారం నింపే ముందు ఈ సంగతి సీనియర్ అక్కల్ని ఒకసారి అడగండి.