పుస్తకాలు పంపండి, డబ్బులు లేవు

1945 అక్టోబరు 29. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సైనిక విమానం ఆగింది. ఓ ఆడమనిషి మెట్లు దిగుతోంది. వయసు యాభై నాలుగు. ఒంటి మీద అమెరికన్ సైన్యం యూనిఫాం, మేజర్ హోదా. చెవిన పడుతున్నది మాత్రం ఆమె పుట్టి పెరిగిన భాష. తొమ్మిదేళ్ల కిందట ఇదే దేశం నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు గెలిచినవాళ్లతో కలిసి తిరిగొచ్చింది. అయినా అడుగు ముందుకు పడటం లేదు.

జీపు కదిలింది. ఊరి పేరున్న బోర్డు ఉంది, ఊరు లేదు. సగం కూలిన మేడల్లోంచి వీధిలోకి వేలాడుతున్న మంచాలు, ఇటుకల గుట్టల మధ్య జనం నడిచి నడిచి పడ్డ కాలిబాటలు, తడిసిన బూడిద వాసన, బాంబులకు భయపడి కట్టుకున్న కాంక్రీటు బంకర్లలోనే ఇంకా సాగుతున్న కాపురాలు, ఆ గుమ్మాల్లో పెద్దవాళ్ల కోట్లు మోకాళ్ల కిందికి వేలాడేసుకుని వచ్చేపోయే జీపుల వైపు చాక్లెట్ కోసం చెయ్యి చాపుతున్న పిల్లలు. కడుపు సంగతి సైన్యం చూస్తోంది, చాలీచాలకుండా. మరి వీళ్ల బుర్రల సంగతి ఎవరు చూడాలి?

ఆమె పేరు యెల్లా లెప్‌మన్. స్టుట్‌గార్ట్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టింది. పదిహేడేళ్లకే, సిగరెట్ల ఫ్యాక్టరీలో పని చెయ్యడానికి వచ్చిన పరాయి దేశాల కార్మికుల పిల్లల కోసం చదువుకునే గది తెరిచింది. 1922లో భర్త పోయాడు. ఇద్దరు పిల్లలతో పత్రికాఫీసు గడప ఎక్కింది, సంపాదకురాలయింది. 1933లో హిట్లర్ వచ్చాడు, ఉద్యోగం ఊడింది. 1936లో దేశం వదిలి, ఇంగ్లండులో తలదాచుకుంది. యుద్ధం ముగిశాక అమెరికన్ల నుంచి పిలుపు: జర్మనీలో మా అధీనంలో ఉన్న ప్రాంతానికి ఆడవాళ్ల, పిల్లల విషయాల్లో సలహాదారు కావాలి, వస్తారా? రానని చెప్పడానికి బోలెడు కారణాలున్నాయి. వెళ్లడానికి ఉన్నది ఒక్కటే. ఈ పాపంలో పిల్లలకు వాటా లేదు.

ఊరూరూ తిరిగింది. బడులు చూసింది, అనాథాశ్రమాలు చూసింది. ఎక్కడా కథల పుస్తకం లేదు.

ఎందుకు లేదో ఆమెకు తెలుసు. 1933 మే 10 రాత్రి, బెర్లిన్‌లో వాన. ఒపేరా మైదానంలో విద్యార్థులు పుస్తకాలు కుప్ప పోసి నిప్పుపెట్టారు. ఒక్కో రచయిత పేరూ అరిచి మరీ మంటల్లోకి విసిరారు. ఆ గుంపులో నిలబడి తన పేరు తానే విన్న రచయిత ఒకడున్నాడు, ఎరిక్ కెస్ట్నర్. రైల్లో తన డబ్బు కొట్టేసిన దొంగను బెర్లిన్ వీధుల్లో తరిమి పట్టుకునే ఎమిల్ అనే కుర్రాడి కథ రాసి పిల్లల గుండెల్లో గూడు కట్టుకున్నవాడు. గుంపులో ఎవరో ఆయన్ను గుర్తుపట్టి అరిచారు. ఆయన చల్లగా జారుకున్నాడు. ఆ తర్వాత పన్నెండేళ్లు పిల్లల చేతికి అందినవి వేరే పుస్తకాలు. యూదుల్ని విషపు పుట్టగొడుగులతో పోల్చి రంగురంగుల బొమ్మలతో 1938లో వేసిన పుస్తకం వాటిలో ఒకటి. మిగతా పని బాంబులు పూర్తిచేశాయి.

బాడ్ హోంబుర్గ్‌లో సైన్యం ఆఫీసు. లెప్‌మన్ తన ఆలోచన బల్ల మీద పెట్టింది. ప్రపంచం నలుమూలల నుంచి మంచి పిల్లల పుస్తకాలు తెప్పిద్దాం, పెద్ద ప్రదర్శన పెడదాం, పిల్లల్ని రానిద్దాం. రొట్టెకే దిక్కులేనప్పుడు బొమ్మల పుస్తకాలేంటని నవ్వినవాళ్లున్నారు. వాదించింది. విసిగించింది. చివరికి అనుమతి వచ్చింది.

డబ్బు రాలేదు. ఒక్క పైసా కూడా.

కొనలేనప్పుడు అడగాలి. ఎవర్ని? మొన్నటిదాకా జర్మన్ బూటు కింద నలిగినవాళ్లని కూడా. ఇరవై దేశాలకు ఉత్తరాలు తయారయ్యాయి. జర్మనీ నుంచి విదేశాలకు మామూలు తపాలా నడవని రోజులు, సైన్యం దారుల్లోనే పోవాలి. ఉత్తరంలో దాపరికం లేదు. మా దగ్గర కొనడానికి డబ్బు లేదు. పిల్లలకు చదవడానికి ఏమీ మిగల్లేదు. ఈ యుద్ధం వాళ్లు తెచ్చింది కాదు. బొమ్మల పుస్తకాలు ఎక్కువ పంపండి, భాష రాకపోయినా బొమ్మ అర్థమవుతుంది. మీ పిల్లలు వేసిన బొమ్మలు కూడా పంపండి. ఉత్తరాల సారం ఇదీ.

ఇక ఎదురుచూపులు. చలికాలం. చేసిన పని తెలివైనదా, తలబిరుసుదా? తేల్చాల్సింది ఆ ఇరవై దేశాలు.

జవాబులు రావడం మొదలైంది. పంపిస్తాం. పంపిస్తున్నాం. పంపించాం. ఒక్కో సంతకం వెనకా ఒక్కో దేశం, వాటిలో చాలా దేశాల్లో ఇంకా పచ్చిగానే ఉన్న సమాధులు. అయినా ఒప్పుకుంటున్నారు. అప్పుడొచ్చింది బెల్జియం జవాబు.

క్షమించాలి, పంపలేం. జర్మన్లు మా మీద రెండుసార్లు పడ్డారు.

ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. బెల్జియంలో లూవెన్ అనే చదువుల ఊరుంది. 1914 ఆగస్టులో జర్మన్ సైన్యం అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తగలబెట్టింది. దాదాపు మూడు లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి. అమెరికన్ల చందాలతో కొత్త భవనం కట్టుకున్నారు, దేశదేశాల నుంచి పుస్తకాలు అడిగి తెచ్చుకున్నారు. 1940 మేలో జర్మన్లు మళ్లీ వచ్చారు. ఆ కొత్త గ్రంథాలయం కూడా తగలబడింది. ఈసారి పోయినవి తొమ్మిది లక్షల దాకా. ఆ దేశాన్నే ఇప్పుడు అడుగుతున్నది, జర్మన్ పిల్లలకు పుస్తకాలు దానం చెయ్యమని!

ఇంకెవరైనా అయితే ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టేసి మిగిలిన దేశాలతో సరిపెట్టుకునేవాళ్లు. పంతొమ్మిది దేశాలంటే తక్కువేం కాదు. లెప్‌మన్ మళ్లీ కాగితం ముందు కూర్చుంది. జర్మన్లు చేసినదాన్ని తనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ చేతులే తననూ గెంటాయి. కానీ బతిమాలలేదు, క్షమాపణల జోలికీ పోలేదు. నేరుగా అసలు విషయానికి వచ్చింది. మీరు వద్దన్న ఈ పిల్లలే రేపు పెద్దవాళ్లవుతారు. వాళ్లకు వేరే లోకం ఒకటుందని ఇప్పుడు చూపించకపోతే, మూడోసారి మీ గడప తొక్కేది వాళ్లే కావచ్చు. ఇంకొక్కసారి ఆలోచించండి.

ఉత్తరం వెళ్లింది. ఇలా రాస్తే మనసు మార్చుకుంటారా, ఇంకా మండిపడతారా?

పుస్తకాలు వచ్చాయి. ఏదో పంపామనిపించుకోవడానికి కాదు, ఏరికోరి పంపిన మేలురకం పుస్తకాలు.

పెట్టెలు చేరుతున్నాయి. మరి పెట్టేదెక్కడ? ప్రదర్శన పెట్టాలనుకున్న మ్యూనిక్ నగరంలో నూటికి నూరుపాళ్లు నిలబడ్డ పెద్ద భవనం వెతకడమంటే మాటలు కాదు. ఒకటుంది. అక్కడే ఉంది చిక్కు.

దాని పేరు హౌస్ డెర్ కున్‌స్ట్, కళాభవనం. హిట్లర్ దగ్గరుండి కట్టించుకున్నది. 1933 అక్టోబరులో శంకుస్థాపన చేస్తూ సుత్తితో కొడితే, సుత్తి ఆయన చేతిలోనే విరిగింది. 1937 జులైలో ఆయనే ప్రారంభించాడు, తను మెచ్చిన కళ మాత్రమే ఇక్కడ ఉండాలన్నాడు. మర్నాడే ఆ దగ్గర్లో మరో ప్రదర్శన తెరిచారు, తాము చెత్త అనుకున్న ఆధునిక చిత్రాలన్నీ గోడలకు అడ్డదిడ్డంగా తగిలించి, జనం వచ్చి ఎగతాళి చెయ్యడానికి. యుద్ధంలో భవనం మీద వలలు కప్పి విమానాల కంటపడకుండా దాచారు. నగరం కూలింది. అది మిగిలింది. గెలిచిన అమెరికన్లు దాన్ని ఆఫీసర్ల క్లబ్బు చేసుకున్నారు. పొడుగాటి రాతిస్తంభాల వరస, లోపల చలువరాయి, ఎత్తైన గోడలు. ఎగతాళి చెయ్యడానికి బొమ్మలు వేలాడదీసిన మనిషి మోజుపడి కట్టించుకున్న ఆ హాళ్లలోకి లెప్‌మన్ బొమ్మల పుస్తకాలు దించింది.

నాలుగు వేల దాకా పుస్తకాలు. వాటితోపాటు దేశదేశాల పిల్లలు వేసి పంపిన బొమ్మలు. యుద్ధం తర్వాత జర్మనీలో జరగబోతున్న మొట్టమొదటి అంతర్జాతీయ ప్రదర్శన ఇదే. కళాఖండాలు కాదు, యంత్రాలు కాదు, పిల్లల పుస్తకాలు. సరే, అన్నీ అమరాయి. జనం వస్తారా?

1946 జులై 3. తలుపులు తెరిచారు.

వచ్చారు. పెద్దవాళ్లు వచ్చారు, పన్నెండేళ్లుగా బయటి పుస్తకం మొహం చూడనివాళ్లు. జర్మన్ ప్రచురణకర్తలు వచ్చారు, ఏది అనువదించి వెయ్యొచ్చో వెతుక్కుంటూ. పిల్లలు మాత్రం వచ్చిన పద్ధతే వేరు. చేతులు వెనక్కి కట్టుకుని అద్దాల వెనక వస్తువుల్ని చూసే ప్రదర్శన కాదిది. ఏ పుస్తకమైనా తీసుకోవచ్చు, తిప్పొచ్చు. ఆ సంగతి తెలిసిన క్షణం నుంచి ఆగలేదు. చలువరాతి నేల మీద బోర్లా పడుకుని, మోచేతుల మీద గడ్డాలు ఆనించి, అక్షరం అర్థంకాని ఫ్రెంచి పుస్తకాన్ని బొమ్మ తర్వాత బొమ్మగా చదివేస్తూ, పక్కవాడి పుస్తకంలోకి తల దూర్చి, ఇది నీకంటే ముందు నేను చూశానంటూ జగడం ఆడుతూ, కిందటేడు వరకూ శత్రుదేశాలుగా మాత్రమే తెలిసిన ఊళ్లలోని నక్కలతో, రైళ్లతో, అమ్మమ్మలతో, తమ ఈడు పిల్లలతో అక్కడికక్కడే దోస్తీ కట్టేశారు.

పద్దెనిమిదేళ్ల తర్వాత, 1964లో, లెప్‌మన్ తన జ్ఞాపకాల పుస్తకం వేసింది. పేరు ‘పిల్లల పుస్తకాల వంతెన’. ఆ పేజీల్లో అనుమతుల కోసం కొట్టిన తలుపులు, దొరకని బళ్లు, ఉత్తరాలు, పెట్టెలు అన్నీ ఉన్నాయి. ఎంత తిప్పలు పడ్డా మురిపెంగానే చెప్పుకొచ్చింది.

అయితే ఆ ప్రదర్శన హాళ్లలోనే ఒక ప్రశ్న పుట్టింది. సాయంత్రం తలుపులు మూసే వేళ పుస్తకం చంకలో పెట్టుకున్న పిల్లలకు ఏం చెప్పాలి? ఇది ప్రదర్శన. ఇంటికి పట్టుకెళ్లకూడదు.

ఆ ముక్క ఎక్కడో గుచ్చుకుంది. ప్రదర్శన స్టుట్‌గార్ట్ వెళ్లింది, ఆమె పుట్టిన ఊరు. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లింది. బెర్లిన్ చేరింది. 1946 చివర మొదలైన ఆ చలికాలాన్ని జర్మన్లు ఇప్పటికీ ఆకలి చలికాలం అనే అంటారు. బొగ్గు లేదు, బంగాళాదుంప లేదు. క్రిస్మస్ ముంచుకొస్తోంది. వచ్చిన పిల్లలకు చేతిలో పెట్టి పంపడానికి ఏదో ఒకటి కావాలి. మన్రో లీఫ్ రాసిన ఫెర్డినాండ్ కథ తీసుకుంది. స్పెయిన్‌లో ఓ ఎద్దు. తోటి ఎద్దులన్నీ కుమ్ములాడుకుంటుంటే అది చెట్టుకింద కూర్చుని పువ్వులు వాసన చూస్తుంది. పోట్లాటకు లాక్కెళ్లినా పోట్లాడదు. అంతే కథ. నాజీల రాజ్యంలో దానికి చోటు దొరకలేదు. లెప్‌మన్ తానే దాన్ని జర్మన్‌లోకి దించింది. మంచి కాగితం లేదు. పత్రికలు అచ్చేసే కాగితం మీదే కొట్టించింది. ముప్పై వేల ప్రతులు. ఇవి చూసి వెనక్కి పెట్టెయ్యక్కర్లేదు. ఎవరిది వాళ్లదే.

ఇంకో క్రిస్మస్‌కు ఏం చెయ్యాలి? కానుకలు పంచుతూ పోతే తీరేది కాదు. తలుపు మూయని ప్రదర్శన కావాలి. అంటే ఇల్లు కావాలి. అంటే, మళ్లీ డబ్బు.

ఈసారి అట్లాంటిక్ దాటింది. అమెరికాలో ఎలినార్ రూజ్‌వెల్ట్ మద్దతు దొరికింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయం చేస్తానంది. ఇటు మ్యూనిక్‌లో కెస్ట్నర్ తోడు నిలిచాడు. ఆనాటి మంటల ముందు నుంచి జారుకున్న మనిషి ఇప్పుడు కుర్రకారు కోసం పత్రిక నడుపుతున్నాడు. లెప్‌మన్ ఆయనకో ఆలోచన ఇచ్చింది: మనుషుల సమావేశాలు ఎటూ తేల్చడం లేదు కాబట్టి పిల్లల కోసం జంతువులే సమావేశమైతే? ఆయన అది రాసేశాడు, 1949లో పుస్తకమై వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబరు 14. మ్యూనిక్, కౌల్‌బాఖ్ వీధిలో ఓ మేడ. అంతర్జాతీయ యువజన గ్రంథాలయం తలుపులు తెరిచింది. పిల్లలకు బొమ్మలేసుకునే గది ఉంది, పుస్తకాల మీద వాదులాడుకునే చోటు ఉంది. అలమరల్లో తొలి పెట్టుబడి ఆనాటి ప్రదర్శనకొచ్చిన పుస్తకాలే. పిల్లలు పుస్తకాల్ని ఇంటికి పట్టుకెళ్లొచ్చు. మళ్లీ తెచ్చివ్వాలి, అదొక్కటే షరతు.